బెత్లహేములో పులులు

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. మనిషి గురించి నేరుగా రాస్తే తంటా వస్తుంది గానీ, అదే మాట ఎద్దు నోట్లోనో మేక నోట్లోనో పెడితే ఎవరికీ ఏమీ తెలియదని. కాలేజీ చదువు ఇచ్చే నమ్మకాల్లో ఇదొకటి. (ఇంకొకటి, ఇంగ్లీషులో రాసిన అర్జీకి తొందరగా జవాబు వస్తుందని.) ఎంత పెద్దమనిషైనా సరే, నెత్తిన రెండు కొమ్ములూ వెనక ఒక తోకా తగిలిస్తే ఇక ఆయన పెళ్ళాం కూడా గుర్తుపట్టదని ధీమాగా ఉండేదాన్ని. ఇప్పుడు మా పాప రోజూ ఒక ఆట ఆడుతుంది. దుప్పటి తలమీదికి లాక్కుని "నేను లేను" అంటుంది. కాళ్ళు రెండూ బయటే ఉంటాయి. దాన్ని చూసినప్పుడల్లా నా మొదటి రచన గుర్తొస్తుంది. మొదటిదీ, ఇప్పటిదాకా చివరిదీ. మా ఆయన కార్ఖానాలో రాత్రి డ్యూటీకి పోయాడు, పాప పడుకుంది, ఒళ్ళు వేడిగా లేదు (ఇందాకే చూశాను), కనుక రాయడానికి ఇంతకంటే మంచి సమయం నాకు దొరకదు.

బి.ఏ. అయిన ఏడాదే నాకు ఉద్యోగం దొరికింది. పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సెక్కి, కండక్టరు "మిషన్ బడి, జల్దీ దిగుండ్రి" అని అరిచిన చోట దిగి, జొన్నచేల నడుమ మట్టిదారిన నడిస్తే వచ్చే బడి అది. పెంకుల గదులు కొన్ని, వేలాడే ఇనుప పట్టా ముక్క ఒకటి (అదే గంట), పక్కనే చర్చి. మా నాన్న కొండాపూర్ దగ్గర ఇట్లాంటి బడిలోనే పంతులు కనుక నాకు అదంతా కొత్త కాదు. ఆ రోజుల్లో ఇక్కడి నౌకరీలు మనవాళ్ళకా బయటివాళ్ళకా అన్న పంచాయితీ చాయ్ హోటలు నుంచి పెళ్ళి పందిరి దాకా నడుస్తుండేది. నాతో చదివిన ఆడపిల్లలు చాలామంది డిగ్రీ కాగితం ట్రంకు పెట్టెలో పెట్టి ఇంట్లో బియ్యం ఏరుతున్నారు. అందుకే ఆ ఉద్యోగం అంటే నాకు ప్రాణం. కాని అది టెంపరరీ. క్రిస్మస్ సెలవుల తర్వాత నన్ను ఉంచుతారా, ఇంటికి పంపుతారా అన్నది కరస్పాండెంటు గారి సంతకంలో ఉంది.

కరస్పాండెంటు గారు అంటే మా చర్చి పెద్ద, బడి బాగోగులు చూసే మనిషి. తెల్లని మీసం, వెండి పొన్ను వేసిన చేతికర్ర. ఆయనను ఊరంతా చాటున ఒక్కమాట సారు అనేది. ఎందుకంటే ఆయన లేచి నిలబడి, కర్రను నేలకు ఆనించి, "ఒక్క మాట చెప్పి కూచుంట" అంటే, అక్కడున్న ఆడవాళ్ళు పిల్లలకు పాలు తాగించి, పడుకోబెట్టి, మళ్ళీ లేపేవారు. మంచి మనిషి. నాకు మాత్రం ఆయనంటే చెమటలు పట్టేవి. ఆయనేనా, నాకు చాలా విషయాలకు చెమటలు పట్టేవి. నేను ముందునుంచీ కాస్త జాగ్రత్త మనిషిని. గదిలో పిల్లల్ని చూపుడు వేలితో ఒకసారి లెక్కపెట్టి, ఎవరైనా బల్ల కిందికి పోయారేమోనని మళ్ళీ లెక్కపెట్టేదాన్ని. తలుపు గొళ్ళెం వేశామా లేదా అని సగం దారి పోయి తిరిగి వచ్చేదాన్ని. బస్సు కిటికీ గాలి ఛాతీకి మంచిది కాదని అమ్మ చెబితే, నాన్న ముదురు గోధుమరంగు శాలువా ఎండాకాలంలో కూడా కప్పుకునేదాన్ని. ఇందులో నవ్వడానికి ఏముందో నాకప్పుడు తెలియలేదు.

నేను ఉన్న గదిలోనే ఉండేది కుట్టు టీచరమ్మ. నాకంటే చాలా పెద్దది. పిల్లలకు జుబ్బాలు, లంగాలు కుట్టడం నేర్పేది. నోట్లో ఎప్పుడూ గుండుసూదులు ఉండేవి కనుక తక్కువ మాట్లాడేది. సూదులు తీసిందంటే మాత్రం ఆ రోజు ఎవరికో మూడినట్టే.

ఏటా క్రిస్మస్‌కు మా బడి పిల్లలు ఒకటే నాటకం వేసేవారు. గొల్లవాళ్ళు, జ్ఞానులు, దేవదూత. దూత వేషం ఎవరి బిడ్డకు అన్నదాని మీద ఏటా ఆడవాళ్ళలో మాటామాటా పెరిగి, పండుగనాడు ఒకరి ఇంటికి ఒకరు కేకు పంపుకోవడం ఆగిపోయేది. అందుకని ఆ యేడు ఒక్కమాట సారు నన్ను పిలిచి, "టీచరమ్మా, ఒక్క మాట. నువ్వు బి.ఏ. చదివినవు. దూత లేకుంట ఒక కొత్త నాటకం రాయి. ఈసారి పంచాయతీ సమితి ప్రెసిడెంటు గారు వస్తుండు. ఆయనతోని మనకు రెండు గదులకు రేకులు ఇప్పించుకునే పని ఉన్నది. ఆయన సంతోషపడాలె, మనోళ్ళు సంతోషపడాలె, దేవుడు గూడ సంతోషపడాలె" అని, ఆ వరుసలోనే చెప్పారు.

నేను వారం రోజులు కూచుని రాశాను. రాసిందేమిటంటే, బెత్లహేములో పశువుల కొట్టం. బయట చలి. ఈ రాత్రి ఇక్కడ ఒక బిడ్డ పుడతాడని పశువులకు కబురు తెలుస్తుంది. తొట్టి పక్కన వెచ్చగా ఒకే ఒక్క చోటు ఉంది. అక్కడ ఎవరు నిలబడాలి? ఎన్నికలు పెట్టుకుంటాయి. ఎద్దు పోటీకి నిలబడి, ఎవరు ఏమడిగినా "అయితది, అయితది, రాసుకోండ్రి" అంటుంది. (మా సమితి ప్రెసిడెంటు గారు బావి అడిగినా, బాట అడిగినా, వాన అడిగినా ఇదే మాట అనేవారు.) పొట్టేలు చేతికర్ర పట్టుకుని "ఒక్క మాట చెప్పి కూచుంట" అని లేస్తుంది, కూచోదు. మరియమ్మను అంత దూరం మోసుకొచ్చిన గాడిదను ఓటు ఎవరికని ఒక్కరూ అడగరు. ఎక్కడి నుంచో ఒంటె వస్తే, "నువ్వు ఈ కొట్టం దానివి కావు, నీకు ఇక్కడ గడ్డి లేదు" అని గొడవ. వీళ్ళు ఓట్ల పంచాయితీలో ఉండగానే బిడ్డ పుట్టేస్తాడు, ఎవ్వరూ చూడరు. రాసుకుని, చదువుకుని, నాలో నేనే ముసిముసిగా నవ్వుకున్నాను. ఇంత పదునైన రచన జొన్నచేల మధ్య పుట్టిందని ప్రపంచానికి ఎప్పుడు తెలుస్తుందో అనుకున్నాను.

అన్నట్టు, ఒక కోడిపెట్ట కూడా ఉంది. అది మొదట లేదు. ఒకటో తరగతిలో బొద్దుగా ఉండే ఒక చిన్నది వేషం కావాలని బడి గుమ్మంలో పడి ఏడిస్తే, దానికోసం చివర్లో ఇరికించాను. పెద్ద పెద్ద ఉపన్యాసాల మధ్య అటునుంచి ఇటు పరుగెత్తి, "తలుపు వేసిండ్రా? బిడ్డకు గాలి తగుల్తది. తొట్ల గడ్డి తడిగ ఉన్నదేమో ఎవరన్న చూసిండ్రా?" అని పోవడమే దాని పని. చివరికి బిడ్డ పుట్టాడని చూసేది కూడా అదే, ఎందుకంటే మాటిమాటికీ పోయి తొట్టిలోకి తొంగిచూసేది అదొక్కటే కనుక. ఆ చిన్నదానికి చదవడం రాదు. ఎట్లా నడవాలో, ఎట్లా అడగాలో నేనే చేసి చూపించాను. అది ఉన్నదున్నట్టు పట్టేసింది. నా పాత్రలన్నిటిలో ఆ కోడిని చూసి నేను ఎన్నడూ గర్వపడలేదు. దాన్ని నేను రచన కిందే లెక్కవేయలేదు.

వేషాల దగ్గర చిక్కొచ్చింది. ముందు అట్టముక్కలతో మొహాలు చేశాము. అవి పెట్టుకుంటే పిల్లల మాట కడుపులో నుంచి వచ్చినట్టు వినబడింది. అప్పుడు కుట్టు టీచరమ్మ నోట్లోంచి సూదులు తీసి, "పటాన్‌చెరుల పులి చాచా ఉన్నడు గద. మొహం మీదనే రంగేస్తడు" అంది. పులి చాచా దుకాణాల బోర్డులకూ, బండి చక్రాలకూ రంగులు వేసేవాడు. కాని పులి అన్న పేరు వచ్చింది మాత్రం పీర్ల పండుగతో. ఆ పండుగకు మొక్కుకున్నవాళ్ళ ఒంటిమీద ఆయన పులిని గీస్తే, వీధి కుక్కలు గల్లీ మార్చి పోయేవని చెప్పుకునేవారు. నేను పోయి అడిగాను. ఎద్దు, పొట్టేలు, గాడిద, ఒంటె, కోడి వెయ్యాలని చెప్పాను. ఆయన బీడీ పక్కన పెట్టి, "పరేషాన్ గాకు బేటీ. గాడిదను నేను చూడలేదా? రోజు చూస్త. పైసలొద్దు, దేవుని పని" అన్నాడు. నేను సంతోషంగా బస్సెక్కాను. (బస్సెక్కాక తలుపు గొళ్ళెం గుర్తొచ్చింది, అది వేరే కథ.)

పండుగ ముందునాడు మధ్యాహ్నం చివరి రిహార్సలు పెట్టాను. అన్నాళ్ళూ లంగాలు కుట్టే పనిలో ఉన్న కుట్టు టీచరమ్మ అప్పుడే మొదటిసారి నాటకం మొత్తం చూసింది. అయిపోయాక సూదులన్నీ తీసి జాకెట్టుకు గుచ్చుకుంది. నాకు భయం వేసింది.

"పిల్లా, పొట్టేలు మన సారే గద?"

"కాదక్కా. అది పొట్టేలు."

"మరి పొట్టేలుకు చేతికర్ర ఎందుకు?"

"ముసలి పొట్టేలు అక్కా."

"ఒక్క మాట అని ఈ ఊర్ల ఎవరంటరు? మా ఇంటి పక్క మేకను అడుగు, అది గూడ చెప్తది. ఎద్దు ప్రెసిడెంటు. గాయన ముంగటనే గాయనను ఎద్దును చేస్తివి. నీ పర్మనెంటు కాయితం ఎవరి చేతుల ఉన్నది, జెర యాది చేసుకో."

"జంతువుల కథ అక్కా ఇది. ఎవరికి తెలుస్తది?"

"అందరికి తెలుస్తది. ఇంక శానా తెలుస్తయి. నీకొక్కదానికే తెల్వదు" అని నవ్వి, మళ్ళీ సూదులు నోట్లో పెట్టుకుంది.

ఆ నవ్వు ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. పర్మనెంటు కాగితం ముక్కలు ముక్కలుగా గాలిలో ఎగిరిపోతున్నట్టు, నేను ఇంట్లో చాట ముందు కూచుని బియ్యం ఏరుతున్నట్టు కనబడింది. రంగులు వేయడానికి చాచా వచ్చేశాడు. పిల్లల్ని ఆయనకు అప్పగించి, పొట్టేలు వేషం కట్టేవాణ్ణి మాత్రం రంగు పూసిన వెంటనే చేయి పట్టుకుని చర్చి వెనక చింతచెట్టు కిందికి లాక్కుపోయాను. వాడి మొహమంతా అప్పటికి పసుపురంగు మాత్రమే ఉంది. మొదటి పూత అనుకున్నాను. ఏ రంగు పూశాడో చూసే స్థితిలో నేను లేను.

"ఒరే, ఒక్క మాట అనొద్దు. రెండు ముక్కలు చెప్త అను."

"ఎందుకు టీచర్?"

"అదే బాగుంటది."

"ఒక్క మాటనే మంచిగుంది టీచర్. మా తాత గూడ నవ్విండు."

"మీ తాతకు ఎందుకు చెప్పినవురా?"

"అందరికి చెప్పిన టీచర్. మా తాత పోయి హోటల్ల చెప్పిండు."

నేను చెట్టుకు ఆనుకున్నాను. తర్వాత వాడి చేత పదిసార్లు "రెండు ముక్కలు" అనిపించాను. తొమ్మిదిసార్లు సరిగా అన్నాడు. పదోసారి "ఒక్క ముక్క" అన్నాడు. అప్పుడే బయట ప్రెసిడెంటు గారి జీపు ఆగిన చప్పుడు. "టీచర్, చాచా నాకు మీసాలు పెడతనన్నడు" అని వాడు చేయి విడిపించుకుని ఉరికాడు. మీసాలా అని నేను అనుకుంటూనే వెనక నడిచి, వేషాల గది తలుపు తీశాను.

గది నిండా పులులు. పసుపు మొహాలు, నల్లని చారలు, ఎర్రని నాలుకలు, ఇటూ అటూ తెల్లని మీసాలు. గదిలో గోడవారగా వరసగా కూచుని, నన్ను చూసి ఒక్కసారే లేచి "గుడీవినింగ్ టీచర్" అన్నాయి. ఒక పులి చేతిలో నా పొట్టేలు కర్ర ఉంది, అట్లాగని అదే పొట్టేలు అనుకోవడానికి లేదు, ఊరికే ఆడుకుంటున్నది. చాచా కుంచె తుడుచుకుంటూ ఉన్నాడు.

"చాచా, ఇందులో గాడిద ఏది?"

ఆయన పిల్లల వైపు చూశాడు. తనకూ కొంచెం అనుమానం వచ్చినట్టుంది. "గదిగో, చెవులు జెర పెద్దగ ఉన్నయి చూడు బేటీ."

"ఒంటె?"

"లంబా పోరడు. పొడుగున్నోడు ఒంటె." తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "అసల్ మాట చెప్పాల్నా. ముందుగాల కింద పూతకు పసుపు జమీన్ వేసిన. వేసినంక చెయ్యి ఆగలే. ముప్పై ఏండ్ల నుంచి పసుపు మీద నల్ల చార తప్ప ఏం గీయలే. చెయ్యి దానంతట అదే పోతది. ఎద్దును గీస్తున్ననే అనుకున్న. అయిపోయినంక చూస్తె పులి, పక్కా షేర్."

"తుడిచేద్దాం చాచా."

"కిర్సనాయిల్‌తోని పోతది. మొహానికి కిర్సనాయిల్ పెడితె కండ్లు మండవా? ఉండనీ బేటీ. షేర్ అంటె ఎవరన్న వద్దంటరా?"

నిజంగానే ఎవరూ వద్దనలేదు. గాడిద వేషం ఇచ్చానని వారం నుంచి నాతో మాట్లాడని ఒక తల్లి, కొడుకు మీసాలు చూసుకుని మురిసిపోతున్నది. గోడ పక్కన కుట్టు టీచరమ్మ కొంగు పట్టుకుని ఒకటో తరగతి చిన్నది మాత్రం వెక్కుతున్నది. కుంచె చూడగానే భయపడి కేకలు పెట్టిందట. దానికి రంగు వేయలేదు. నెత్తిమీద ఎర్ర ఫ్లానెలు ముక్కతో కోడిజుట్టు కుట్టి పెట్టి, ఈకలకు ఏమీ దొరక్క, కుర్చీ మీదున్న నా గోధుమరంగు శాలువా తీసి భుజాల చుట్టూ చుట్టింది టీచరమ్మ. "గిది ఒక్కటి మంచిగ కుదిరింది" అంది సూదుల మధ్యనుంచి.

చర్చి ముందు తడికలతో కట్టిన వేదిక. ముందు వరసలో ప్రెసిడెంటు గారు, పక్కన ఒక్కమాట సారు, కర్ర మీద గడ్డం ఆనించుకుని. వెనక ఊరంతా. నేను వేదిక పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. తెర తీశారు. తొట్టి చుట్టూ పులులు. వెనకనుంచి ఒక ముసలాయన గొంతు నిదానంగా వినిపించింది. "ఏందిరా, బెత్లహేముల ఇన్ని పులులున్నయా? మరి గొర్రెలను ఎవలు కాసిన్రు?"

పెద్ద పులి ముందుకొచ్చి, "నేను ఎద్దును" అంది. జనం ఘొల్లుమన్నారు. "ఈ కొట్టంల నన్ను గెలిపిస్తె మీకు ఎండుగడ్డి ఇప్పిస్త." ఇంకో పులి అడిగింది, "కుడితి?" "అయితది, అయితది, రాసుకోండ్రి." నేను కళ్ళు మూసుకున్నాను. మూసుకున్నా నవ్వులు వినబడుతూనే ఉన్నాయి. ఎవరో "ఓట్లకు వచ్చేటప్పుడు ఎద్దునంటరు, గెలిచినంక చారలు కనబడ్తయి" అన్నారు. కళ్ళు తెరిచి చూస్తే ప్రెసిడెంటు గారు అందరికంటే గట్టిగా నవ్వుతున్నారు. "నిజం చెప్పిండ్రు, మా సమితిల అంతా గిసొంటోళ్ళే" అని ఒక్కమాట సారు తొడ మీద కొట్టారు కూడా. నా ఎద్దులో తనను ఆయన గుర్తుపట్టనే లేదు. ఎద్దు ఉంటే కదా.

ఇక పొట్టేలు లేచింది. కర్ర నేలకు ఆనించింది. నా గుండె ఆ కర్ర కింద ఉంది. "ఒక్క మాట," అన్నాడు వాడు. ఆగాడు. నావైపు చూశాడు. "కాదు కాదు, రెండు ముక్కలు. టీచర్, ఏది చెప్పాలె?" ఒక్కమాట సారు గడ్డం కర్ర మీదినుంచి పైకి లేచింది. ఆయన మెల్లగా వేదిక వైపు చూసి, మెల్లగా నావైపు తిరిగారు. పర్మనెంటు కాగితం, చాట, బియ్యం, అన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్ళముందు తిరిగాయి. ఆయన నోరు తెరవబోతున్నారు.

సరిగ్గా అప్పుడు కోడి వచ్చింది. దాని వంతు ఇంకా రాలేదు. కాని వెనక నిలబడి నిలబడి దానికి ఓపిక పోయినట్టుంది. శాలువా రెండు చేతులా ఛాతీకి అదుముకుని, గబగబా పరుగెత్తి వచ్చి, పులులను చూపుడు వేలితో లెక్కపెట్టింది. చివరికి వచ్చాక ఒకటి తక్కువైనట్టు మొహం పెట్టి, వంగి తొట్టి కింద చూసి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. "తలుపు వేసిండ్రా?" అంది. పోబోయి, సగం దూరం పోయి, తిరిగి వచ్చింది. "గొళ్ళెం గూడ పెట్టిండ్రా?"

అంతవరకూ నవ్విన నవ్వు నవ్వే కాదు. చర్చి ముందర జనం ఊగిపోయారు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నేను సంతోషించబోయి, ఒక సంగతి గమనించాను. ఎవరూ వేదిక వైపు చూడటం లేదు. అందరూ నావైపు చూస్తున్నారు. నా వెనక ఎవరో ఉన్నారనుకుని తిరిగి చూశాను. గోడ ఉంది. మళ్ళీ ముందుకు తిరిగేసరికి నా చేయి నాకు తెలియకుండానే భుజం మీద లేని శాలువా సర్దుకుంటున్నది. అప్పుడు ముందు వరసలోని ప్రెసిడెంటు గారు కూడా, నన్నెప్పుడూ చూడని మనిషి, వేదికను చూసి, నన్ను చూసి, పక్కకు వంగి, "ఈమేనా?" అని అడగడం నాకు వినబడింది. "ఈమెనే" అన్నారు ఒక్కమాట సారు. ఆయన నోటి నుంచి నిజంగా ఒక్క మాటే రావడం అదే మొదలు, అదే ఆఖరు.

నాటకం ఎట్లా అయిపోయిందో నాకు తెలియదు. గాడిద బాధ, ఒంటె గొడవ, అంతా పులి కేకల్లో కలిసిపోయింది. గుర్తున్నది చివర ఒక్కటే. పులులన్నీ ఓట్ల కోసం కలబడుతుంటే, కోడి పోయి తొట్టిలోకి తొంగిచూసి, వేలు నోటికి అడ్డం పెట్టి, "ష్. బిడ్డ పుట్టిండు. లొల్లి చెయ్యకుండ్రి, లేస్తడు" అంది. అప్పటిదాకా నవ్వినవాళ్ళు నిజంగానే నిశ్శబ్దమయ్యారు. ఎవరి ఒళ్ళోనో పడుకున్న పసిపిల్ల కదిలితే, వాళ్ళమ్మ జోకొట్టిన చప్పుడు కూడా వినిపించింది. అంతటి మాట ఆ నాటకంలో ఉందని రాసిన నాకే తెలియదు.

మర్నాడు ఆరాధన అయ్యాక ఒక్కమాట సారు నన్ను పిలిచారు. పక్కన కుట్టు టీచరమ్మ ఉంది. నేను ఆమె కొంగు పట్టుకోవాలనుకున్నాను, ఒకటో తరగతి చిన్నదానిలా.

"టీచరమ్మా, ఒక్క మాట. ఆ కోడి ఎవరో నాకు తెలిసింది."

"సారు, నేను కావాలని..."

"ఆగు. ఎవడైన కథ రాస్తె పక్కోని మీద రాస్తడు. తన మీద తానే రాసుకొని, తన శాలువనే ఇచ్చి, ఇంత మంది ముంగట నవ్వించుకునుడు అంటె అది చిన్న గుణం కాదు. నమ్రత అంటె గది." ఆ తర్వాత నమ్రత గురించి మిగతా మాటలు చాలాసేపు చెప్పారు. నేను తలవంచుకుని నిలబడ్డాను. తలవంచుకుని నిలబడటాన్ని కూడా ఆయన నమ్రతలోనే వేశారు. "బడికి గిసొంటి కోడి కావాలె. అందరు ఓట్ల పంచాయితీల ఉంటె పిల్లలను లెక్కపెట్టేదానికి ఒకరు ఉండాలె గద. సెలవులైనంక నీ కాయితం మీద సంతకం చేస్త." పోబోయి, కర్ర ఆనించి ఆగారు. గొంతు కొంచెం మారింది. "గని ఒక సంగతి అడగాలె. ప్రెసిడెంటు వాళ్ళ సమితి మీద రాస్తివి. నీ మీద నువ్వు రాసుకుంటివి. ఈ బడిని ఇన్నేండ్ల సంది చూస్తున్న, నా మీద ఒక్క ముక్క రాయకపోతివి. నాకేం కోపం లేదు. వచ్చే ఏడు యాది పెట్టుకో. పులి అయితె మంచిగుంటది."

ఆయన పోయాక కుట్టు టీచరమ్మ చర్చి మెట్ల మీద కూలబడి నవ్వింది. సూదులు లేవు కనుక బతికిపోయింది. "నీకు ముందే తెలుసా అక్కా, ఆ కోడి నేనని?" అని అడిగాను. "నువ్వు చిన్నదానికి నేర్పిస్తుంటె చూసిన గద. నడిచి చూపిస్తుంటివి, వేలు పెట్టి లెక్కపెడుతుంటివి. శాలువ ఒక్కటి తక్కువుండె, గది నేను పెట్టిన" అంది. సంక్రాంతి సెలవులు దాటినా మా పిల్లల చెవుల వెనక పసుపు పోలేదు. రేకుల గదులు "అయితది, అయితది" దగ్గరే ఉండిపోయాయి. నేను మాత్రం పర్మనెంటు అయ్యాను, ఊళ్ళో కోడి టీచరమ్మను కూడా అయ్యాను. తర్వాత పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు బస్సు దిగి దారి అడిగితే, "ఎవలు, కోడి టీచరమ్మనా? గదిగో" అని చూపించారట. మా ఆయన ఆ సంగతి పెళ్ళయ్యేదాకా దాచాడు. అడిగితే, "తలుపు గొళ్ళెం పెట్టే మనిషి దొరికిందని సంబురపడ్డ" అంటాడు.

ఆ తర్వాత నేను జంతువుల కథ ఇంకొకటి రాయలేదు. రాయాలని కూచున్నప్పుడల్లా ఎద్దు బాగానే వస్తుంది, నక్క బాగానే వస్తుంది, కథ సగానికి వచ్చేసరికి ఎక్కడినుంచో ఒక కోడి పరుగెత్తుకొస్తుంది. ఒక్కమాట సారు ఇప్పటికీ ఉన్నారు. కిందటేడు చర్చిలో పాపను ఎత్తుకుని కనబడితే, దాని బుగ్గ పట్టుకుని, "నా పులి ఏదమ్మా?" అన్నారు. ఆయనకు బాకీ పడి ఉన్నాను.

మొన్న సాయంత్రం వంటింట్లో ఉండగా పాప చప్పుడు వినబడక, పరుగెత్తి వచ్చాను. ముందుగదిలో బొమ్మలను గోడవారగా వరసగా కూచోబెట్టింది. పాత గోధుమరంగు శాలువా (ఇప్పుడది అంచుల్లో చిరిగింది) భుజాల మీద వేసుకుని, జారిపోకుండా ఛాతీకి అదుముకుని, చూపుడు వేలితో వాటిని లెక్కపెడుతున్నది. దానికి లెక్క రెండు దాటి రాదు. రెండు అని, ఒకటి తక్కువైనట్టు మొహం పెట్టి, వంగి మంచం కింద చూసి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. తర్వాత నావైపు తిరిగి, ఎంతో చింతతో, "తలుపేసినవా?" అని అడిగింది. ఇదంతా ఇది ఎవరిని చూసి నేర్చుకున్నదబ్బా అని నేను వెనక్కి తిరిగి చూశాను. గోడ ఉంది.